పాత గేటు మూసేశాక: కౌంటర్-స్ట్రైక్ సీక్వెళ్ళ కథ

2023 సెప్టెంబర్ చివర్లో ఒక రాత్రి స్టీమ్ తెరిచాను. 'కౌంటర్-స్ట్రైక్: గ్లోబల్ అఫెన్సివ్' అని ఉండాల్సిన చోట 'కౌంటర్-స్ట్రైక్ 2' అని ఉంది. పాత పేరు పక్కన కొత్త పేరు రాలేదు. పాత పేరు పోయి, కొత్త పేరు వచ్చింది. డౌన్‌లోడ్ అవుతుండగానే హాస్టల్ రోజుల గ్రూప్‌లో మెసేజ్: "ఎలా ఉందిరా? ముందుదానికన్నా బాగుందా?"

'ఆడి చెప్తా' అన్నాను. ఆడాను. ఇన్నాళ్ళూ చెప్పలేకపోయాను. ప్రశ్న తేలికే, కానీ దాన్ని ఏ కొలబద్దతో కొలవాలో నాకు తెలియలేదు.

సినిమా అయితే ఈ ఇబ్బంది లేదు. 'బాహుబలి 2' వచ్చింది కదా అని మొదటి భాగం ఎక్కడికీ పోలేదు. ఈ రాత్రి రెండూ వరసగా చూసి ఏది మేలో తేల్చుకోవచ్చు. పదిమంది కలిసి ఆడే ఆట అలా కాదు. ఎదుటి జట్టు లేని ఆట ఖాళీ గ్రౌండ్‌తో సమానం. అందుకే ఇలాంటి ఆటకు సీక్వెల్ వస్తే 'ఏముంది ఇందులో' అనే కాక, 'పాత గ్రౌండ్‌ని ఏం చేశారు' అని కూడా అడగాలి. కౌంటర్-స్ట్రైక్ పాతికేళ్ళ చరిత్రలో ఈ రెండో ప్రశ్నకు మూడు వేర్వేరు జవాబులు దొరుకుతాయి.

ఎవరో చేసిన ఆట మీద ఇంకెవరో చేసిన ఆట

1998లో వాల్వ్ కంపెనీ 'హాఫ్-లైఫ్' విడుదల చేసింది. దాని ఇంజిన్ కూడా సొంతం కాదు, ఇడ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళ 'క్వేక్' ఇంజిన్ తీసుకుని బాగా మార్చుకున్నారు. ఆ హాఫ్-లైఫ్ మీద మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్ళు ఒక మాడ్ తయారుచేసి, 1999 జూన్‌లో మొదటి బీటా వదిలారు. అదే కౌంటర్-స్ట్రైక్. అది జనాన్ని పట్టేసిన తీరు చూసి వాల్వ్ దాన్ని తీసుకుంది. 2000 నవంబర్‌లో డబ్బాలో పెట్టి అమ్మింది.

అప్పటి షూటర్లలో చచ్చిపోతే మరుక్షణం మళ్ళీ పుట్టేవాళ్ళం. కౌంటర్-స్ట్రైక్‌లో చస్తే రౌండ్ అయ్యేదాకా కూర్చోవాల్సిందే. మిగిలిన నలుగురు ఏం చేస్తున్నారో చూస్తూ, తిడుతూ, దారి చెప్తూ గడపాలి. దీనికి తోడు డబ్బు లెక్క. మొదటి రౌండ్‌లో చేతిలో 800 డాలర్లు. గెలిస్తే ఎక్కువ, ఓడితే తక్కువ. ఈ రౌండ్ ఖర్చు చేయాలా, పిస్టల్‌తో సరిపెట్టుకుని వచ్చే రౌండ్‌కి ఏకే కొనాలా? బాంబు పెట్టే జట్టు ఒకటి, తీసే జట్టు ఒకటి. ఇంతే ఆట. ఈ అస్థిపంజరం ఈ రోజుకీ మారలేదు.

2001లో డేవ్ జాన్‌స్టన్ చేసిన 'డస్ట్ 2' మ్యాప్ వచ్చింది. 2003 సెప్టెంబర్‌లో స్టీమ్‌తో పాటు 1.6 వెర్షన్ వచ్చింది. మా తరం 'సీఎస్' అంటే 1.6 అనే అర్థం.

నేను ఇంజనీరింగ్‌లో చేరేసరికి దానికి మూడేళ్ళు నిండాయి. గ్రాఫిక్స్ కార్డు లేని డబ్బా కంప్యూటర్‌లో కూడా నడిచేది. హాస్టల్‌లో ఒక స్విచ్, కిటికీల్లోంచి వేలాడే ల్యాన్ కేబుళ్ళు, రాత్రి పదకొండు తర్వాత గదిగదికీ వినిపించే "లాంగ్‌లో ఉన్నాడ్రా", "బాంబ్ పెట్టేశాడు, పరిగెత్తు" అనే అరుపులు. సెలవుల్లో హైదరాబాద్ వస్తే ఇంటర్నెట్ సెంటర్లో అదే ఆట. మేం ఎప్పుడూ డబ్బు పెట్టి కొన్నది లేదు. పెన్‌డ్రైవ్‌లో ఒకడి నుంచి ఇంకొకడికి పాకింది. ఆట అంతా చేతివేళ్ళలోకి దిగిపోయింది. బీ, నాలుగు, ఒకటి. మెనూ చూడకుండానే కొనేసేవాళ్ళం. డస్ట్ 2 మధ్యలో రెండు చెక్క తలుపులుంటాయి. రౌండ్ మొదలైన ఎన్నో సెకనుకి వాటి వెనక మనిషి దాటుతాడో తెలిసి, కనిపించని వాణ్ణి తలుపుల్లోంచే కాల్చేవాళ్ళం.

ఈ చేతి జ్ఞానం సంగతి గుర్తుంచుకోండి. మిగతా కథంతా దాని గురించే.

అందంగా ఉంది, చేతికి మాత్రం అందలేదు

2004 నవంబర్ 1న 'కౌంటర్-స్ట్రైక్: సోర్స్' వచ్చింది. అదే ఏడాది మార్చిలో 'కండిషన్ జీరో' అని ఒకటి వచ్చింది గానీ, నాలుగు చేతులు మారి ఆలస్యంగా వచ్చిన ఆ ఆటను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అసలైన వారసుడు సోర్స్. కొత్త ఇంజిన్, కొత్త వెలుగునీడలు, తంతే దొర్లే డ్రమ్ములు. పక్కపక్కన పెట్టి చూస్తే 1.6 అట్టముక్కలతో చేసిన బొమ్మలా ఉండేది.

అయినా టోర్నమెంట్ ఆటగాళ్ళలో చాలామంది ఒప్పుకోలేదు. బులెట్ తగిలే తీరు మారింది, తుపాకీ అదిరే తీరు మారింది, గోడల్లోంచి కాల్చే లెక్క మారింది, పరిగెత్తి ఆగే బరువు మారింది. దొర్లే డ్రమ్ము చూడ్డానికి బాగుంటుంది. కానీ పోటీ ఆటలో అది ప్రతి రౌండ్‌లోనూ ఒక కొత్త అడ్డు. ఏళ్ళ తరబడి చేతులు నేర్చుకున్నది ఒక్కసారిగా పనికిరాకుండా పోతే, ఎంత అందమైన వెలుగునీడలైనా దానికి పరిహారం కావు.

ఇక్కడ ముఖ్యమైన సంగతి ఏమిటంటే, 1.6ను వాల్వ్ ఆపేయలేదు. సర్వర్లు నడిచాయి. జనం తమ కాళ్ళతో ఓటేశారు. చాలా టోర్నమెంట్లు 1.6తోనే సాగాయి. 2007, 2008లో అమెరికాలో టీవీ కోసం పెట్టిన ఛాంపియన్‌షిప్ గేమింగ్ సిరీస్ సోర్స్‌ను ఎంచుకుంది. ఆటగాళ్ళు ఎటో ఒక వైపు తేల్చుకోవాల్సి వచ్చింది. ఒకే పేరున్న ఆట ఎనిమిదేళ్ళ పాటు రెండు ఊళ్ళుగా బతికింది. సోర్స్‌కు తనవాళ్ళు దొరక్కపోలేదు. జాంబీ సర్వర్లు, ఏటవాలు గోడల మీద జారే సర్ఫ్ మ్యాపులు అక్కడ వర్ధిల్లాయి. అంటే సోర్స్ చెడ్డ ఆట కాదు. 1.6కు బదులు కాలేకపోయిన ఆట, అంతే.

మా హాస్టల్‌లో ఒకడి దగ్గర మాత్రమే సోర్స్ ఆడించగల మెషిన్ ఉండేది. వాడు ఒంటరిగా బాట్లతో ఆడుకుని, రాత్రి పదకొండింటికి మళ్ళీ మాతో 1.6కు వచ్చేవాడు. మా వరకు తీర్పు అప్పుడే అయిపోయింది. అందులో విమర్శ తక్కువ, గ్రాఫిక్స్ కార్డు కొనే స్తోమత లేకపోవడం ఎక్కువ అని ఒప్పుకోవాలి.

మొదట్లో నచ్చని ఆట

మూడోది 2012 ఆగస్టు 21న వచ్చిన 'గ్లోబల్ అఫెన్సివ్'. సోర్స్‌ను గేమ్ కన్సోల్‌కి తీసుకెళ్ళే పనిగా హిడెన్ పాత్ అనే స్టూడియోలో మొదలై, క్రమంగా కొత్త ఆటగా మారింది. మొదట్లో 1.6 వాళ్ళకూ నచ్చలేదు, సోర్స్ వాళ్ళకూ నచ్చలేదు. బహుశా అదే దాని అదృష్టం. ఇద్దరికీ సమానంగా పరాయిది.

దాన్ని నిలబెట్టింది మొదటి రోజు సరుకు కాదు, తర్వాతి ఏళ్ళ ఓపిక. తుపాకుల అదురును ప్రతిదానికీ ఒక స్థిరమైన ఆకారంగా నేర్చుకోగలిగేలా చేశారు. ఏకే ముప్పై తూటాలు గోడ మీద ఎక్కడెక్కడ పడతాయో బట్టీ పట్టవచ్చు. మోలొటోవ్ నిప్పుతో దారి మూయడం కొత్త ఎత్తుగడ అయింది. స్వీడన్ జట్టు నింజాస్ ఇన్ పైజమాస్‌లో 1.6 నుంచి వచ్చిన ఫారెస్ట్, గెట్ రైట్ లాంటి వాళ్ళూ, సోర్స్ నుంచి వచ్చినవాళ్ళూ కలిసి ఆడారు. ల్యాన్ పోటీల్లో వరసగా 87 మ్యాపులు ఓడకుండా గెలిచారు. విడిపోయిన రెండు ఊళ్ళు కలిశాయనడానికి అంతకన్నా మంచి గుర్తు లేదు.

2013 ఆగస్టులో తుపాకుల మీద వేసుకునే రంగుల 'స్కిన్'లు వచ్చాయి. ఆటలో అవి చేసేదేమీ లేదు. బయట వాటిని కొనడం, అమ్మడం ఒక పెద్ద బజారు అయింది. అదే ఏడాది నవంబర్‌లో మొదటి మేజర్ టోర్నమెంట్ జరిగింది. 2018 డిసెంబర్‌లో ఆట ఉచితం అయింది. 2023 మేలో ఒకే సమయంలో ఆడుతున్నవాళ్ళ సంఖ్య 18 లక్షలు దాటింది. పదకొండేళ్ళ ఆటకు అది మామూలు విషయం కాదు.

ఇంత జరిగినా 1.6, సోర్స్ రెండూ స్టీమ్‌లో అలాగే ఉన్నాయి. గెలిచినవాడు పాతవాళ్ళను ఇంట్లోంచి గెంటేయలేదు.

పొగ, గడియారం

ఇప్పుడు 'కౌంటర్-స్ట్రైక్ 2'. 2023 మార్చి 22న ప్రకటించారు, సెప్టెంబర్ 27న విడుదల చేశారు. వాల్వ్ చెప్పిన పెద్ద మార్పుల్లో రెండు: పొగ, గడియారం.

పొగ సంగతి ముందు. ఈ ఆటలో స్మోక్ గ్రెనేడ్ అంటే తాత్కాలికంగా కట్టే గోడ. దాని మీదే సగం వ్యూహాలు నడుస్తాయి. కానీ ఈ గోడ ఎప్పుడూ అందరికీ ఒకేలా ఉండేది కాదు. 1.6 రోజుల్లో 16 బిట్ కలర్ పెడితే పొగ పలచబడి అవతలి మనిషి లీలగా కనిపించేవాడు. గ్లోబల్ అఫెన్సివ్‌లో పొగ అంచు ఒక పెట్టె మీదో గట్టు మీదో పడితే, ఒక వైపు వాడికి ఎదుటివాడి కాళ్ళు కనిపించేవి, అటువైపు వాడికి ఏమీ కనిపించేది కాదు. ఆ 'ఒకవైపు పొగ'లు నేర్చుకోవడమే ఒక విద్య.

కొత్త ఆటలో పొగ ఒక బొమ్మ కాదు, చోటును నింపే పదార్థం. సందులో వేస్తే సందు ఆకారంలో సర్దుకుంటుంది, మెట్ల మీద వేస్తే మెట్ల మీదుగా దిగుతుంది. తూటా వెళ్తే సన్నటి కన్నం పడుతుంది. పేలుడు గ్రెనేడ్ వేస్తే ఒక్క క్షణం చెదిరి మళ్ళీ మూసుకుంటుంది. ముఖ్యంగా, ఆ పొగ పదిమందికీ ఒకటే. ఆ ఒక్క క్షణం చీలికలో ఏడబ్ల్యూపీ పట్టుకున్నవాడు తొంగి చూడడం అనే కొత్త ఎత్తు పుట్టింది. ఆట రూపాన్నే కాదు, ఆలోచననూ మార్చిన మార్పు ఇది. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. పాతదానికన్నా బాగుంది.

గడియారం సంగతి కాస్త చిక్కు. నెట్‌లో ఆడే షూటర్ మొత్తం ఒక అబద్ధం మీద నిలబడి ఉంటుంది. నా తెర మీద కనిపించే శత్రువు నిజానికి కాసేపటి క్రితం వాడు. 1996లో క్వేక్‌వరల్డ్ మొదటి ఉపాయం వాడింది: సర్వర్ జవాబు కోసం ఆగకుండా నా కదలికను నా కంప్యూటరే ఊహించి చూపించడం. తర్వాత వాల్వ్ ఇంజనీర్ యాన్ బెర్నియర్ 2001 నాటి పేపర్‌లో రెండో ఉపాయం వివరించాడు: నేను కాల్చానని కబురు అందగానే సర్వర్ లోకాన్ని వెనక్కి తిప్పి, ఆ క్షణంలో నాకు శత్రువు ఎక్కడ కనిపించాడో చూసి తీర్పు చెప్తుంది. నాకు న్యాయం. కానీ ఈలోపు గోడ వెనక్కి చేరిన అవతలివాడు 'గోడ చాటున ఉంటే ఎలా చచ్చాను' అని మౌస్ నేలకేసి కొడతాడు. ఒకడికి న్యాయం చేస్తే ఇంకొకడికి అన్యాయం. ఇది ఇంజనీర్ల చేతగానితనం కాదు, దూరం పెట్టే ఇబ్బంది.

దీనికి తోడు సర్వర్ లోకాన్ని నిరంతరంగా చూడదు. గ్లోబల్ అఫెన్సివ్ అధికారిక సర్వర్లు సెకనుకు 64 సార్లు చూసేవి, అంటే సుమారు 15.6 మిల్లీసెకన్లకు ఒకసారి. మధ్యలో ఎప్పుడు నొక్కినా ఆ లెక్కలోకే సర్దేవి. ఫేసిట్ లాంటి బయటి వేదికలు 128 ఇచ్చేవి. వాల్వ్ కూడా 128 ఇవ్వాలని ఆటగాళ్ళు ఏళ్ళ తరబడి అడిగారు. కొత్త ఆటలో వాల్వ్ 128 ఇవ్వలేదు. ప్రశ్ననే మార్చింది. చూసేది 64 సార్లే, కానీ మీట నొక్కిన ప్రతి పనికీ కచ్చితమైన సమయం ముద్ర వేసి పంపిస్తుంది. పేరు 'సబ్-టిక్'.

కాగితం మీద ఇది మంచి ఆలోచన. నేనైతే ఆ డిజైన్ రివ్యూలో చేయెత్తి ఒప్పుకునేవాణ్ణి. ఆటలో మాత్రం కొత్త ఇబ్బందులు తెచ్చింది. ఒకే తీరున దూకినా ఎత్తులో చిన్న తేడాలు వచ్చాయి. కాల్చిన క్షణం ఒకటి, తెర మీద తుపాకీ కదిలిన క్షణం ఒకటి అనిపించింది. దూకుతూ గ్రెనేడ్ విసిరితే అంగుళం తేడా లేకుండా పడాలని చేతులకు అలవాటైనవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. వాల్వ్ అప్‌డేట్ల మీద అప్‌డేట్లు ఇచ్చి చాలా వరకు సరిదిద్దింది. నేను కూడా గోడ చాటున చచ్చిన ప్రతిసారీ సబ్-టిక్‌ను తిట్టాను. ఒక రోజు రికార్డు వెనక్కి తిప్పి చూసుకుంటే, నేను నిజంగా గోడ బయటే ఉన్నాను. నాలుగింట మూడు సార్లు తప్పు నా ముప్పై దాటిన చేతులదే. పాత ఆట బాగుందనే మాటలో పాత నేను బాగున్నాననే మాట ఎంత కలిసిపోయి ఉందో అప్పుడర్థమైంది.

మూడో మార్పు గురించి తక్కువ మంది మాట్లాడారు గానీ నా దృష్టిలో అది పెద్దది. మ్యాచ్ గరిష్ఠంగా 30 రౌండ్ల నుంచి 24కు తగ్గింది. ఇదివరకు 16 గెలవాలి, ఇప్పుడు 13. మ్యాచ్ త్వరగా అవుతుంది, మర్నాడు ఆఫీసున్న నాలాంటి వాడికి మేలే. కానీ రెండు పిస్టల్ రౌండ్ల బరువు పెరిగింది. 30లో రెండు వేరు, 24లో రెండు వేరు. వెనకబడ్డ జట్టు డబ్బు కూడబెట్టుకుని లేచే వ్యవధి తగ్గింది. నెమ్మదిగా కోలుకోవడం అనేది ఈ ఆటలో ఒక రుచి. అది కొంచెం పలచబడింది.

మూసిన గేటు

ఇక విడుదల రోజు లేనివాటి సంగతి. ఆర్మ్స్ రేస్ మోడ్ లేదు, 2024 ఫిబ్రవరిలో తిరిగి వచ్చింది. తుపాకీని ఎడమ చేత్తో పట్టుకునే సదుపాయం లేదు, ఏప్రిల్‌లో వచ్చింది. డేంజర్ జోన్ రానేలేదు. మ్యాక్ కంప్యూటర్ల వాళ్ళను వదిలేశారు. అలాంటి పాత వ్యవస్థల వాళ్ళంతా కలిపినా ఒక్క శాతం కన్నా తక్కువేనని వాల్వ్ లెక్క. కొత్త ఇంజిన్ మీద తిరగరాసినప్పుడు కొన్ని ఆలస్యం కావడం సహజం. సరుకు తక్కువైన దుకాణాన్ని క్షమించవచ్చు. కానీ ఈసారి పక్కనున్న పాత దుకాణాన్ని మూసేశారు. గ్లోబల్ అఫెన్సివ్ స్టీమ్ బీటా సెట్టింగుల్లో ఎక్కడో ఒక పాత బిల్డ్‌గా మిగిలింది. అధికారిక మ్యాచ్‌మేకింగ్ లేదు. గ్రౌండ్ ఉంది, అవతలి జట్టు లేదు.

ఎందుకు మూశారు? 2004 గుర్తున్నవాళ్ళకు జవాబు తేలికే. అప్పుడు ఎంచుకోనిస్తే ఎనిమిదేళ్ళు ఊరు రెండుగా చీలింది. ఈసారి ఆ బజారు కూడా ఉంది. స్కిన్‌లు అన్నీ కొత్త ఆటకు మోసుకొచ్చారు, రెండు ఆటల్లో రెండు ధరలు నడిస్తే గందరగోళం. వ్యాపారం లెక్కలోనూ ఇంజనీరింగ్ లెక్కలోనూ వాళ్ళు చేసింది సబబే.

నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అదే పని చేశాను. కొన్నేళ్ళ క్రితం ఒక క్లయింట్ పాత బిల్లింగ్ స్క్రీన్లు తీసేసి కొత్తవి పెట్టాం. పాతవి నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. అక్కడ ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న ఒకావిడ మౌస్ ముట్టుకోకుండా, తెర చూడకుండా, కస్టమర్‌తో మాట్లాడుతూనే బిల్లు కొట్టేసేది. మా కొత్త స్క్రీన్లో తప్పుల పట్టింపు ఎక్కువ, రిపోర్టులు బాగుండేవి. అన్ని కొలతల్లోనూ మెరుగే. ఆవిడ "పాతది ఒక్క నెల పక్కనే ఉంచండి సార్" అని అడిగింది. కుదరదన్నాం. రెండు నడిపితే రెట్టింపు ఖర్చు, పైగా పాతది ఉంటే ఎవరూ కొత్తదానికి రారు. రెండు నెలలకు ఆవిడ కొత్తదానికి అలవాటు పడింది. మేం దాన్ని విజయం అని రిపోర్టులో రాసుకున్నాం. కొత్తది బాగుందని ఆవిడ ఎప్పుడూ అనలేదు. మేమూ అడగలేదు.

కౌంటర్-స్ట్రైక్ 2 దగ్గర నాకు అడ్డుపడేది ఇదే. ఆటగా చూస్తే, ఈ రోజున, గ్లోబల్ అఫెన్సివ్ కన్నా ఒక మెట్టు పైనే ఉందని నా అంచనా. పొగ నిజంగా మెరుగు, గడియారం చివరికి కుదురుకుంది, ఏకే అదురు ఆకారం అలాగే ఉంచారు కాబట్టి వేళ్ళు దాన్ని గుర్తుపట్టాయి. సోర్స్ చేసిన తప్పు ఇది చేయలేదు. కానీ సోర్స్ ఓడిపోగలిగింది. ఓడిపోయే అవకాశం ఉన్న పోటీలో నిలబడింది. గ్లోబల్ అఫెన్సివ్ ఆ పోటీలో ఆలస్యంగానైనా గెలిచింది. కౌంటర్-స్ట్రైక్ 2 పోటీ లేకుండా గెలిచింది. లక్షలమంది ఆడుతున్నారు నిజమే. పాత గేటు మూసేశాక కొత్త గేటులోంచి ఎంతమంది వచ్చారో లెక్కపెడితే, అది ఇష్టమో అలవాటో ఎలా తెలుస్తుంది?

విచిత్రంగా, 2003 నాటి 1.6 మాత్రం ఇప్పటికీ స్టీమ్‌లో దొరుకుతుంది, రోజూ వేలమంది ఆడుతున్నారు. తాతను ఇంట్లో ఉంచి తండ్రిని పంపేసినట్టు.

ఈ వ్యాసం రాస్తూ గ్రూప్‌లో మెసేజ్ పెట్టాను, ఏళ్ళు ఆలస్యంగా: "బాగుందిరా. ముందుదానికన్నా బాగుంది. కానీ మనల్ని అడగలేదు." చాలాసేపు ఎవరూ పలకలేదు. అందరికీ పిల్లలు, వేర్వేరు టైమ్ జోన్లు. అర్ధరాత్రి దాటాక ఒకడు, అప్పట్లో సోర్స్ మెషిన్ ఉన్నవాడే, జవాబిచ్చాడు: "అవన్నీ సరే. 1.6 ఉందా నీ దగ్గర? ఆదివారం ఐపీ పంపు."

పంపాను. మొదటి రౌండ్, డస్ట్ 2, చెక్క తలుపులు. కనిపించని వాణ్ణి లెక్కపెట్టి కాల్చాను. తగల్లేదు. వాడు అక్కడ దాటడం ఎప్పుడో మానేశాడట.